వాలిదా

పెళ్లినాడే మొగిలవ్వకు పేరు పోయింది.

పుట్టింది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో. తండ్రి మరమగ్గాల కార్ఖానాలలో బరువులు మోసేవాడు. చిన్నప్పుడు అమ్మవారు పోసి, బతుకుతుందో లేదో అనుకున్న పిల్ల బతికింది కాబట్టి పోశవ్వ అన్నారు. ఆ పేరుతోనే పెరిగింది. ఆ పేరుతోనే పెళ్లి కూతురైంది. కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం మండలంలోని ఒక ఊరికి, మొండయ్య ఇంటికి కోడలుగా వచ్చిన రోజు గడప ముందరే చిక్కు వచ్చింది. అత్త పేరు కూడా పోశవ్వే.

"పేరు మార్చాలె," అంది అత్త. "రేపు మావోడు పెండ్లాన్ని తిడితె నన్ను తిట్టినట్టయితది."

"తిట్టకుంటె సరిపాయె గద," అన్నారెవరో.

"తిట్టకుంటె గదేం సంసారం?"

అందరూ నవ్వారు. కొత్త కోడలు కూడా తల వంచుకుని నవ్వింది. అత్త తన తల్లి పేరు తీసి కోడలికి పెట్టింది. మొగిలవ్వ. గడప ముందు నిలబెట్టి ఆ పేరుతో మూడుసార్లు పిలిచారు. మూడోసారికి ఆమె పలికింది.

ఆ ఊళ్లలో అది వింత కాదు. ఇంటి పెద్దల పేరు కోడలికి ఉంటే కోడలి పేరు మారుతుంది. పాత పేరు పుట్టింటికి పోయినప్పుడు అక్కడ దొరుకుతుంది. మళ్లీ అక్కడే వదిలి రావాలి.

వాళ్లకు భూమి లేదు. పిల్లలు కలగలేదు. మొగిలవ్వ ఇతరుల చేలల్లో పసుపు తవ్వేది, ఉడకబెట్టేది. పని లేని రోజుల్లో బీడీలు చేసేది. మొండయ్య కొన్నేళ్లు కూలికి పోయి, అందరి లాగే దుబాయ్ పోయాడు. అతను పోయింది మస్కట్. అయినా ఆ ఊళ్లో సముద్రం దాటితే ఏ దేశమైనా దుబాయే. పోయేముందు రాయించిన కాగితాలలో తల్లి పేరు పోశవ్వ, భార్య పేరు మొగిలవ్వ అని చెప్పాడు. రెండూ నిజమే.

అతను అక్కడ ఉండగానే తల్లి చనిపోయింది. ఆ తర్వాత కొత్త రేషన్ కార్డుల కోసం ఒక ఉద్యోగి ఇల్లిల్లూ తిరుగుతూ వాళ్ల గడప ముందు ఆగాడు. పేరు అడిగితే మొగిలవ్వ ముందు అలవాటైన పేరే చెప్పబోయింది. తర్వాత ఆగింది.

"పోశవ్వ అని రాయి సారూ. గది నా పేరే."

ఇంట్లో ఇప్పుడు ఆ పేరు గలవాళ్లు ఎవరూ లేరు. తీసుకుంటే ఎవరికీ లోటు కాదు. ఆ రోజు ఫోనులో మొండయ్యకు ఈ సంగతి చెప్పింది. అతను నవ్వాడు.

"కార్డుల ఏమన్న రాయించుకో. మా అవ్వ పేరుతోని నిన్ను నేనైతె పిలువ."

ఓటరు కార్డు కూడా అదే పేరుతో వచ్చింది. అతను మాత్రం రెండేళ్లకోసారి వచ్చి, మొగిలీ అని పిలిచి, మళ్లీ పోయేవాడు.

రెండువేల పదకొండు ఎండాకాలంలో మొండయ్య కడుతున్న భవనం మీది నుంచి పడ్డాడు. వెన్ను విరిగింది. నడుము కింద ఒళ్లు తెలియకుండా పోయింది. అదే ఊరివాడు నర్సింగం అక్కడే పని చేస్తాడు. అతనే ఫోన్ చేశాడు.

"వదినె, ఇంటికి తీసుకపోవచ్చంటున్నరు డాక్టర్లు. గని పండవెట్టి తీసుకపోవాలె. పక్కన మనిషి లేంది విమానం ఎక్కనియ్యరట. నా పాస్‌పోర్టు కంపెనీల ఉన్నది, ఇయ్యరు. ఇంటి మనిషి వస్తె టికెట్ పెడ్తమంటున్నరు."

"ఇంటి మనిషంటె నేనే గద."

"నువ్వే వదినె."

మరునాడు ఆమె కోరుట్ల పోయింది.

కోరుట్ల బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ షాపు వసారాలో హబీబ్ బల్ల వేసుకుని కూర్చుంటాడు. కొన్నేళ్లు జెడ్డాలో ఉండి వచ్చినవాడు. గల్ఫ్ పోయేవాళ్ల పాస్‌పోర్టు ఫారాలు, వీసా వివరాలు అతనే నింపుతాడు. ఏ గడిలో ఏం రాయాలో, విమానం దిగాక ఏం అడుగుతారో, ఏం చెప్పకూడదో చెప్పి పంపుతాడు. మొండయ్య ఫారం రాసింది కూడా అతనే.

"పేరు?" అన్నాడు.

"మొగిల... కాదు, పోశవ్వ."

"గట్ల సగం సగం చెప్పకు చెల్లె. రెండు టికెట్లు కొనమంటరు."

ఆమె రేషన్ కార్డు, ఓటరు కార్డు బల్ల మీద పెట్టింది. రెండిటిలోనూ పోశవ్వ. హబీబ్ అదే రాశాడు.

"పుట్టిన తేది?"

"కందులు పూసినప్పుడని మా అవ్వ అంటుండె."

"కందులు ఎప్పుడు పూస్తయో అరబ్బోళ్లకేం తెలుసు? జులై ఒకటి రాస్త. మన జిల్లాల సగం మంది గా రోజే పుట్టిన్రు."

"మరి ఏ ఏడు?"

"ఓటరు కార్డుల ఉన్నది. మొండయ్య కన్న నాలుగేండ్లు చిన్నదానివి. పనేం జేస్తవ్?"

"బీడీలు."

"ఇల్లు జూసుకుంటదని రాస్త."

"మరి బీడీలెవరు జేస్తరు భాయ్?"

"గడి చిన్నగున్నది. రెండు పట్టయి."

గుర్తుల గడిలో, నుదుటి మీద అమ్మవారి మచ్చలు అని రాశాడు. ఫారం చివర ఆమె వేలిముద్ర వేసింది. హబీబ్ ఆమె బొటనవేలు పట్టుకోలేదు. సిరా డబ్బీ జరిపి, ఎక్కడ వేయాలో చూపించి, తల పక్కకు తిప్పుకున్నాడు.

వానలు పడ్డాక పాస్‌పోర్టు వచ్చింది. దాని కాపీ మస్కట్ పోయింది. వినాయక చవితి దాటిన రెండు మూడు రోజులకు వీసా వచ్చింది. హబీబ్ కబురు పంపాడు. ఆమె చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పోయింది.

అతను కాగితం బల్ల మీద పరిచి చదివాడు. ఒక పక్క ఇంగ్లీషు. అందులో పేరు, పాస్‌పోర్టు నెంబరు సరిగానే ఉన్నాయి. ఇంకో పక్క అరబ్బీ. హబీబ్‌కు అరబ్బీ పెద్దగా రాదు. కానీ అక్షరాలు ఉర్దూవే, మాటలు కొన్ని రెండిటిలోనూ ఉన్నవే. కూడబలుక్కుంటూ వచ్చి ఒక మాట దగ్గర ఆగాడు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"చెల్లె, నువ్వు మొండయ్యకు ఏమైతవని రాసిన్రో తెలుసా?"

"పెండ్లామని."

"వాలిదా అని రాసిన్రు."

"అంటె?"

"అమ్మీ. గాయినకు నువ్వు తల్లివట."

ఆమె నవ్వింది. హబీబ్ నవ్వకపోవడం చూసి ఆపింది.

తప్పు ఎక్కడ జరిగిందో అతనికి త్వరగానే అర్థమైంది. అక్కడి కంపెనీ గుమస్తా మొండయ్య ఫైలు తీసి ఉంటాడు. అందులో ఇద్దరు ఆడవాళ్ల పేర్లున్నాయి. పోశవ్వ పేరుతో పాస్‌పోర్టు వచ్చింది. పోశవ్వ తల్లి గడిలో ఉంది. అతను కళ్ల ముందున్నదే రాశాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

"పోనీ భాయ్," అంది ఆమె. "అడిగితె గాయిన అవ్వను నేనే అని చెప్త. ఒక్కసారి పోయి తీసుకొస్త."

"కొడుకు కన్న అవ్వ నాలుగేండ్లు చిన్నదా? ఇద్దరి తేదీలు ఆళ్ల కాడ ఉన్నయి. ఆడికి పోయినంక వాపస్ పంపితె మల్ల వీసా ఇయ్యరు. అప్పుడు గాయిన గట్లనే పండుంటడు."

"నువ్వే రాస్తివి గద తేది. ఇంకో ఇరవయేండ్లు ఎనకకు రాయకపోతివి."

హబీబ్ కాగితం మడతపెట్టాడు. నర్సింగం ద్వారా కంపెనీని అడిగితే రెండు కాగితాలు కావాలన్నారు. పోశవ్వ, మొగిలవ్వ ఒకే మనిషి అని తహసీల్దారు ఇచ్చినది ఒకటి. తల్లి పోశవ్వ చనిపోయినట్టు ఇంకొకటి. అవి పంపితే వీసా మారుస్తారు. ఆమె దరఖాస్తు పెట్టింది. విచారణ చేసి ఇస్తామన్నారు. విచారణ అయింది గాని, కాగితాలు చేతికి రాకముందే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది.

తహసీల్దారు ఆఫీసుకు తాళం పడింది. ఉద్యోగులంతా ఎదురుగా రోడ్డు పక్కన టెంటు వేసుకుని కూర్చున్నారు. అందులో చంద్రమౌళి కూడా ఉన్నాడు. ఆమె దరఖాస్తు తీసుకున్నది అతనే. ఆమె టెంటుకు కొత్త కాదు. బీడీల ఆడవాళ్లతో కలిసి అంతకుముందు కూడా వచ్చి కూర్చునేది. తెలంగాణ వస్తే ఇక్కడే పని దొరుకుతుందని, దుబాయ్ పోయినవాళ్లు తిరిగి వస్తారని మైకులో చెప్పినప్పుడు, జై తెలంగాణ అని అందరితో పాటు అరిచింది. ఆ మాట అరిచినప్పుడల్లా ఆమెకు ఒక్క మనిషే గుర్తొచ్చేవాడు.

"కాయిదం తయారుగనే ఉన్నది అక్కా," అన్నాడు చంద్రమౌళి. "సంతకం కావాలె, సీలు కావాలె. సీలు లోపట ఉన్నది. తాళం మేమే ఏసినం. మేమే తీస్తె రేపు ప్రతొక్కరు తీయుమంటరు."

"నిజమే సారు."

"నాలుగు దినాలల్ల ఏదో ఒకటి అయితది."

"కానియ్యున్రి సారు."

ఆమె టెంటులో ఆడవాళ్ల పక్కన కూర్చుంది. మరునాడు కూడా వచ్చి కూర్చుంది. వకీలుతోనైనా కాగితం రాయించుకుందామని ఒకసారి జగిత్యాల పోయింది. కోర్టు ముందు వకీళ్లు కూడా టెంటులోనే ఉన్నారు. కోర్టు రోడ్డులో ఒకడు ఏ ఆఫీసు సీలు కావాలన్నా చేయించి ఇస్తానన్నాడు. కోరుట్లలో దిగి హబీబ్‌ను అడిగింది.

"దొంగ సీలుతోని పోతె నువ్వు జైలుల, గాయిన దవాఖానల," అన్నాడు హబీబ్. "ఇద్దరిని తెచ్చుడు నాతోని కాదు."

నర్సింగం డ్యూటీ దిగాక ఆసుపత్రికి పోయి ఫోన్ కలిపి మొండయ్య చెవి దగ్గర పెట్టేవాడు.

"మొగిలీ, ఎప్పుడస్తున్నవే?"

"సమ్మె అయినంక."

"మంచిగ నడుస్తున్నదా?"

"నడుస్తున్నది. బస్సులు గూడ బందైనయి."

"నడవనీ."

కొన్నాళ్లకు కదలకుండా పడుకుని వీపున పుండ్లు పడ్డాయన్నారు. తర్వాత జ్వరం అన్నారు. మొండయ్య మాటలు చిన్నవవుతూ వచ్చాయి. ముందు పలకరింపు పోయింది. తర్వాత ప్రశ్న పోయింది. కడకు మొగిలీ అనే పిలుపు ఒక్కటే మిగిలి, అది కూడా సగంలో ఆగేది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆమెకు తెలియలేదు. టెంటులో వాళ్లంతా తనవాళ్లే. వాళ్లు అడుగుతున్నది తనకు కావలసిందే.

బతుకమ్మలు ఆడుతున్న రోజుల్లో రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వెలిగించి అక్కడే వండి అక్కడే తిన్నారు. మొగిలవ్వ ఒక పొయ్యి దగ్గర అన్నం చూస్తున్నప్పుడు ఫోన్ వచ్చింది.

"వదినె," అన్నాడు నర్సింగం. "అన్న మనుషుల్ని గుర్తువడ్తలేడు."

ఆమె విని ఫోను కొంగున కట్టుకుంది. గంజి వంచింది. వరుసలో వచ్చినవాళ్లకు వడ్డిస్తూ వచ్చింది. చంద్రమౌళి విస్తరి పట్టుకుని ఆమె ముందుకు వచ్చాడు.

"ఏమాయె అక్కా? ఫోన్ వచ్చినట్టుండె."

"ఏం లేదు సారు. పప్పు ఎయ్యాల్నా?"

అతను కదలలేదు. వెనక వరుస ఆగిపోయింది. "సారు, జరుగున్రి, ఆకలైతున్నది," అన్నాడు ఒకడు. పొయ్యి దగ్గర ఫోను మాటలు విన్న ముసలామెను చంద్రమౌళి అడిగాడు. ఆమె చెప్పింది. అతను విస్తరి మీది అన్నం తినకుండానే పోయి, తనవాళ్లతో మాట్లాడాడు. కొంతసేపు వాదన జరిగింది. తర్వాత తహసీల్దారు కూడా అక్కడికి వచ్చాడు.

తాళం తీశారు. ఒక్కరే లోపలికి పోయి సీలు, ఫైలు తెచ్చి మళ్లీ తాళం వేశారు. టెంటు కింద ఒక స్టూలు మీద పెట్టి సంతకం చేశారు. "మా కాయిదాలకు తియ్యని తాళం గీమెకు తీస్తిరి," అని ఒకడు అన్నాడు. పక్కవాడు అతని భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ముందుగాల్నే తియ్యాల్సి ఉండె అక్కా," అన్నాడు చంద్రమౌళి. "తప్పు మాదే."

"మీది గాదు సారు. మా అత్తది. నా పేరు నాకు ఉంచితె పోతుండె."

దసరా పోయాక కొత్త వీసా వచ్చింది. హబీబ్ మళ్లీ అరబ్బీ వైపు వేలు పెట్టి చదివాడు.

"జౌజా. గిప్పుడు పెండ్లానివైనవ్ చెల్లె."

బస్సులు లేవు. హబీబ్ బంధువుల జీపులో హైదరాబాద్ పోయారు. దారిలో రెండుచోట్ల సమ్మెవాళ్లు ఆపారు. దవాఖానలో ఉన్న మనిషి కోసం పోతున్నామని చెబితే రాళ్లు పక్కకు జరిపి పోనిచ్చారు. దారి పొడవునా హబీబ్ ఆమెకు జవాబులు నేర్పించాడు. ఎవరి దగ్గరికి. ఎన్నాళ్లకు. ఎక్కడ ఉంటావ్. ఏమైతవ్. జౌజా అనే మాట ఆమె చేత పదిసార్లు అనిపించాడు.

మస్కట్‌లో అద్దం వెనక కూర్చున్నవాడు పాస్‌పోర్టు చూశాడు. వీసా చూశాడు. ఆమె ముఖం వైపు ఒకసారి చూశాడు. ముద్ర వేశాడు. ఏమీ అడగలేదు.

ఆమె ముద్ర పడిన పాస్‌పోర్టు పట్టుకుని అక్కడే నిలబడింది. వెనకవాళ్లు జరగమన్నారు. వాలిదా అని ఉన్నా ఆ ముద్ర పడి ఉండేదేమో. ఈ సంగతి ఆమె తర్వాత ఎన్నడూ హబీబ్‌తో అనలేదు.

ఆసుపత్రిలో మొండయ్య కళ్లు తెరిచే ఉన్నాడు. చూపు ఎక్కడా ఆనలేదు. ముక్కులో గొట్టం. నోట్లో గొట్టం. కాళ్లు సన్నబడి దుప్పటి కింద ఉన్నట్టే లేవు. ఆమె అతని తల దగ్గర కూర్చుంది. ఊరి సంగతులు చెప్పింది. ఎవరి ఇంట్లో పెళ్లయిందో, ఎవరి పసుపు మంచిగ ఎదిగిందో చెప్పింది. సమ్మె నడుస్తున్నదని చెప్పింది. మలయాళీ నర్సు వచ్చి, వింటాడు, మాట్లాడు అన్నట్టు సైగ చేసింది. ఆమె మాట్లాడుతూనే ఉంది. చెప్పడానికి ఏమీ మిగలనప్పుడు టెంటులో పాడిన బతుకమ్మ పాట మెల్లగా పాడింది.

కొన్ని రోజులకు, ఆమె ముఖం కడుక్కుని వచ్చేలోగా, మొండయ్య చనిపోయాడు.

తర్వాత పనులన్నీ త్వరగా జరిగాయి. ఇక ఎవరూ ఆమెను ఏ కాగితమూ తెమ్మనలేదు. మొండయ్య పెట్టెను ఆమె పోయే విమానంలోనే పంపడానికి నర్సింగం ఆఫీసుల చుట్టూ తిరిగాడు. మొండయ్య పాస్‌పోర్టు అట్ట మూల కత్తిరించి, లోపల రద్దు ముద్ర వేసి ఆమె చేతికిచ్చారు. పక్కన మనిషిగా పోవడానికి పెట్టిన టికెట్ మీదే ఆమె తిరుగు విమానం ఎక్కింది.

విమానం నిండా తెలంగాణ జిల్లాల మనుషులే ఉన్నారు. దిగేముందు అందరికీ కార్డులు పంచారు. దేశంలోకి వచ్చేవాళ్లు నింపి ఇవ్వాల్సినవి. రాయడం రానివాళ్లు తమ కార్డులు, పాస్‌పోర్టులు ఆమె పక్క సీటులో ఉన్న మనిషి దగ్గరికి పంపారు. అతని పేరు మార్కండేయులు. సిరిసిల్లవాడు. మరమగ్గాల సాంచెలు నడవక దుబాయ్ పట్టాడట. ఒళ్లో పాస్‌పోర్టుల కుప్ప పెట్టుకుని ఒక్కొక్కటే రాస్తున్నాడు.

"అన్నా, పెండ్లి కాలేదని రాయి," అన్నాడు ముందు సీటులో ఒకడు. "మంచి సంబంధం వస్తదేమో."

"గీ కార్డుల గా గడి లేదు. మీ ఇంటికి పోయి మీ ఆమెకు చెప్పు."

అటూ ఇటూ ఉన్నవాళ్లు నవ్వారు. మార్కండేయులు ఆమె వైపు తిరిగాడు.

"నీది తే అక్కా. ఏ ఊరు?"

"ఇబ్రహీంపట్నం దిక్కు. పుట్టింది తంగళ్ళపల్లి."

"గట్లనా? మా పక్కనే గద. ఏం పనికి పోయినవ్?"

ఆమె జవాబు చెప్పకుండా చేతిలోని రెండు పాస్‌పోర్టులూ ఇచ్చింది. అతను మీదిది తెరిచి కార్డు నింపాడు. ఆమె వేలిముద్ర వేయించాడు. రెండోది తీశాడు. కత్తిరించిన మూల చూశాడు. లోపలి ముద్ర చూశాడు. మెల్లగా మూసి ఆమె ఒళ్లో పెట్టాడు.

"గది గూడ రాయి తమ్మీ."

"గది అవసరం లేదక్కా."

"ఎందుకు? ఆయిన గూడ ఈడనే దిగుతడు గద."

నవ్విన వాళ్లు అటు తిరిగి కూర్చున్నారు. మార్కండేయులు చేయి చాచి, నడవాలో పోతున్న అమ్మాయిని ఇంకో కార్డు అడిగి తీసుకున్నాడు. పాస్‌పోర్టు తెరిచి, అందులో ఉన్నట్టే పేరు రాశాడు. పుట్టిన తేది రాశాడు. ఎక్కిన ఊరు మస్కట్ అని, దిగే ఊరు హైదరాబాద్ అని రాశాడు. ఇంటి అడ్రసు ఆమెను అడిగి రాశాడు. సంతకం గడి దగ్గర కలం ఆగింది. ఆ గడిని అట్లాగే వదిలి, కార్డును పాస్‌పోర్టులో పెట్టి ఆమెకిచ్చాడు.

తర్వాత ఒళ్లో మిగిలినవాటిలో ఇంకొకటి తీసి, ఎవరిదని అడిగాడు.